రోజూ మ్యాక్స్ కొడితే మ్యాక్స్ పెరగదు

"అన్నా, రెండు నెలల నుంచి రోజూ బార్ పట్టుకుంటున్నా. ఆరు పుల్‌అప్స్ దగ్గరే ఆగిపోయా. ఏ పౌడర్ వాడమంటావ్?"

రేపల్లె నుంచి ఒక తమ్ముడు పెట్టిన మెసేజ్ ఇది. బాపట్ల నుంచీ ఇదే ప్రశ్న వస్తుంది, మా తెనాలి గ్రౌండ్‌లోనూ ఇదే వినిపిస్తుంది. అంకె ఒక్కటే తేడా. ఒకరు నాలుగు దగ్గర ఆగారు, ఇంకొకరు ఏడు దగ్గర. అందుకే ఈ వారం కాలమ్ మొత్తం దీనికే.

ఆ అంకె అతనికి ఎందుకంత ముఖ్యమో ముందు చెప్తా. తమ్ముడు అగ్నివీర్ ర్యాలీకి రెడీ అవుతున్నాడు. అక్కడ బీమ్ మీద ఆరు పుల్‌అప్స్ తీస్తే 16 మార్కులు. ఏడుకి 21, ఎనిమిదికి 27, తొమ్మిదికి 33, పదికి 40. అంటే ఆరుకీ పదికీ మధ్య ఉన్నది నాలుగు పుల్‌అప్స్, 24 మార్కులు. పైగా వయోపరిమితి ఉన్న ఉద్యోగం. వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవడానికి అందరికీ కుదరదు.

అతను రోజూ ఏం చేస్తున్నాడో అడిగాను. పొద్దున్నే బార్ ఎక్కి ఆరు తీస్తాడు. కాస్త ఊపిరి పీల్చుకుని నాలుగు. తర్వాత మూడు, అవి కూడా కాళ్లు తన్నుకుంటూ. మర్నాడు మళ్లీ అదే. కష్టపడటంలో లోపమేమీ లేదు. కానీ అతను రోజూ చేస్తున్నది పరీక్ష రాయడం. పరీక్ష ఎన్నిసార్లు రాసినా చదవకపోతే మార్కులు పెరగవు కదా!

మన బాపట్ల దగ్గర స్టూవర్టుపురం నుంచి వచ్చిన రాగాల వెంకట్ రాహుల్ గుర్తున్నాడా? 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచాడు. స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు. వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో స్నాచ్‌కి మూడు ఛాన్సులు, జెర్క్‌కి మూడు ఛాన్సులు. మొత్తం ఆరు లిఫ్టులు, అంతే. పూర్తి బలం బయటపెట్టేది అక్కడ. ఆ ఆరు లిఫ్టుల వెనక ఏళ్ల తరబడి లెక్క ప్రకారం చేసిన సెట్లు ఉంటాయి. పరీక్షకీ ప్రాక్టీస్‌కీ తేడా అదే.

లిఫ్టర్‌కి ఇంకో సౌకర్యం ఉంది. బార్‌కి అర కిలో ప్లేట్లు కూడా దొరుకుతాయి, కాబట్టి బరువు కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు. కాలిస్థెనిక్స్‌లో మన బరువే మనకు బార్. 60 కిలోల మనిషి రేపటికి 40 కిలోలు అయిపోలేడు. మరి కష్టాన్ని తగ్గించడం, పెంచడం ఎలా? శరీరం ఉన్న కోణం మార్చి.

పుష్‌అప్ తీసుకోండి. మామూలు పుష్‌అప్‌లో చేతుల మీద పడేది శరీర బరువులో సుమారు 64 శాతం. మోకాళ్లు నేలకి ఆనిస్తే 49 శాతం. కాళ్లు రెండడుగుల ఎత్తు బల్ల మీద పెడితే 74 శాతం దాకా వెళ్తుంది. 60 కిలోల కుర్రాడికి ఇవి దాదాపు 38, 29, 44 కిలోలు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మూడు ప్లేట్లు దొరికాయన్నమాట. ఫ్రంట్ లివర్‌లో ముందు మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని మొదలుపెట్టమనేదీ ఇందుకే. కాళ్లు చాపేకొద్దీ బరువు భుజానికి దూరం జరుగుతుంది, అదే శరీరం ఇంకా బరువెక్కినట్టు అనిపిస్తుంది. తెనాలిలో ఎక్కిన రేపల్లె ప్యాసింజర్ వేమూరు, భట్టిప్రోలు దాటకుండా రేపల్లె చేరదు. ఇదీ అంతే, మధ్యలో స్టేషన్లు వదిలెయ్యడానికి లేదు.

ఒక మాట. పాత తాలింఖానాల్లో దండీలు, బస్కీలు వందల్లో తీసేవాళ్లు. దమ్ము పెరగడానికి అది మంచిదే. కానీ ఒకే తేలిక కదలికని వందసార్లు చేస్తే ప్రధానంగా పెరిగేది ఓర్పు. బలం పెరగాలంటే పని కష్టంగా ఉండాలి, సంఖ్య తక్కువగా ఉండాలి, మధ్యలో విశ్రాంతి బాగా ఉండాలి.

ఇప్పుడు మన తమ్ముడి ప్లాన్. మ్యాక్స్ ఆరు కాబట్టి సెట్‌కి మూడే. ఐదు సెట్లు. ప్రతి సెట్ తర్వాత రెండు మూడు నిమిషాలు రెస్ట్, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని మరీ. సోమ, బుధ, శనివారాలు మాత్రమే. "మూడేనా!" అని నవ్వొద్దు. పాత పద్ధతిలో 6, 4, 3 కలిపితే 13, అందులో సగం వంకరటింకర. ఇప్పుడు 15, అన్నీ గడ్డం బార్ దాటిన శుభ్రమైన పుల్‌అప్స్. అలసట తక్కువ, పని ఎక్కువ.

రెండు వారాలు ఇలా. మూడో వారం ఐదు సెట్లు నాలుగేసి. నాలుగో వారం కావాలనే తగ్గించాలి, మూడు సెట్లు మూడేసి చాలు. ఐదో వారం మళ్లీ నాలుగేసి. ఆరో వారం మొదటి రెండు రోజులు బ్యాగులో రెండు లీటర్ల నీళ్ల సీసా వేసుకుని మూడేసి. ఆ తర్వాత రెండు రోజులు బార్ ముట్టుకోకుండా, అప్పుడు టెస్ట్. ఎనిమిదే వస్తాయా, తొమ్మిదా అని నేను మాటివ్వలేను, ఒక్కో శరీరం ఒక్కోలా స్పందిస్తుంది. టెస్ట్‌లో ఎన్ని వస్తే అందులో సగంతో మళ్లీ మొదలు.

ఒక్కటి కూడా రానివాళ్లు స్టూల్ ఎక్కి గడ్డం బార్ పైకి చేర్చండి. అక్కణ్ణుంచి ఐదు సెకన్లు లెక్కపెడుతూ కిందికి దిగండి. పైకి లాగే బలం కన్నా ఆపుకుంటూ దిగే బలం ఎవరికైనా ఎక్కువే. ఆ ఎక్కువని వాడుకోవడమే కిటుకు.

ఇక హ్యాండ్‌స్టాండ్ బ్యాచ్‌కి. సూర్యలంక బీచ్‌లో తలకిందులుగా నిలబడి రీల్ తీస్తే వ్యూస్ వస్తాయి, నిజమే. నేర్చుకోవడానికి మాత్రం గట్టి నేల కావాలి. హ్యాండ్‌స్టాండ్‌లో బ్యాలెన్స్ కాపాడేది వేళ్లతో నేలని నొక్కడం. ఇసుక వేళ్ల కింద జారిపోతుంటే మెదడు ఏం నేర్చుకుంటుంది? గోడ పక్కన, రోజుకి పది పదిహేను నిమిషాలు, వారంలో ఐదు రోజులు. బలానికి రోజు విడిచి రోజు గ్యాప్ కావాలి. ఇలాంటి విద్యకి మాత్రం కొంచెం కొంచెంగా, తరచుగా చేయడం కావాలి. ఒంట్లో అలుపు లేనప్పుడే చెయ్యాలి కాబట్టి వార్మప్ కాగానే ముందు హ్యాండ్‌స్టాండ్, తర్వాతే పుల్‌అప్స్. చేతులు వణకడం మొదలైతే ఆ రోజుకి ఆపెయ్యండి. అలసిపోయి తప్పుగా చేసిన ప్రతిసారీ ఆ తప్పే అలవాటవుతుంది.

నొప్పి గురించి. కండ త్వరగా బలపడుతుంది, దాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు నెమ్మదిగా బలపడుతుంది. మొదటి నెలల్లో ఉత్సాహం పెరిగి సెట్లు డబుల్ చేసేవాళ్లకి మోచేతి లోపలివైపు సలుపు మొదలయ్యేది అందుకే. మర్నాడు కండ పట్టేసినట్టుంటే కంగారు లేదు. కీలు దగ్గర ఒకే చోట గుచ్చినట్టు ఉంటే సెట్లు తగ్గించండి. వారమైనా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. రీల్ కింద కామెంట్లలో వైద్యం వెతక్కండి.

చివరికి పౌడర్ సంగతి. బలం కోసం శిక్షణ తీసుకునేవాళ్లకి రోజుకి కిలో శరీర బరువుకి సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. తమ్ముడి 60 కిలోలకి 96 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల చికెన్‌లో పాతిక దాకా ఉంటాయి. పప్పు, పాలు, పెరుగు, శనగలు ఇంట్లో ఎలాగూ ఉంటాయి. రోజంతా తిన్నది కలిపి చూసి ఇంకా లోటుంటే అప్పుడు పౌడర్ గురించి ఆలోచిద్దాం. అతను లెక్కేస్తే లోటు తిండిలో కాదు, నిద్రలో తేలింది. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్, పొద్దున ఐదుకి గ్రౌండ్.

తమ్ముడూ, ఆ పౌడర్ డబ్బులు జేబులోనే ఉంచు. పది రూపాయలు పెట్టి ఒక నోట్‌బుక్ కొను. తేదీ, సెట్లు, ఎన్ని తీశావు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, ఈ నాలుగూ రాయి. ఆరు వారాలయ్యాక ఆ పేజీల ఫొటోలు నాకు పంపు. తర్వాతి ఆరు వారాల ప్లాన్ వాటిని చూసే వేద్దాం.