రెండో రిమోటు

ఈ సంచికకు ఏదైనా వ్రాయమని మన విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు వీడియో గేము గురించి వ్రాస్తానన్నాను. పక్కనే ఉన్న మిత్రుడు నవ్వేశాడు. "ఒకడు నిరుద్యోగం మీద, ఒకడు మాతృభాష మీద వ్రాస్తుంటే నీకు మరే విషయమూ దొరకలేదా?" అన్నాడు. దొరక్క కాదు. మన హాస్టలు గురించి చెప్పదలచుకున్న మాట ఒకటుంది. దానికి ఈ ఆట తప్ప మరో దారి నాకు తోచలేదు.

పాడేరు నుంచి అరకు పోయే రోడ్డు మీద ఉంది మా హుకుంపేట. సంతరోజున చుట్టుపక్కల గూడేలన్నీ అక్కడే ఉంటాయి. పసుపు, చింతపండు, అడ్డాకులు, వలిసెలు కొండ దిగి వస్తాయి. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు కొండెక్కుతాయి. మైదానం నుంచి వచ్చే ఒక వర్తకుడి కొట్టు వెనకాల గదిలో పాత టీవీ ఒకటుండేది. దానికి తగిలించిన ఒక చిన్న యంత్రం, రెండు రిమోట్లు, ఒక పసుపుపచ్చ కాసెట్టు. కాసెట్టు మీద 9999 ఆటలని అచ్చువేసి ఉండేది. కూర్చుని చూస్తే తేలేవి పదో పదిహేనో. మిగతావన్నీ అవే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. (మన ఎన్నికల వాగ్దానాలు నాకు ఎప్పుడూ ఆ కాసెట్టునే గుర్తుచేస్తాయి.) ఇది 2013, 14 నాటి మాట. అప్పటికి పట్నాల్లో పిల్లలు ఆ యంత్రాన్ని ఎప్పుడో అటకెక్కించేశారు. మా దాకా వచ్చేసరికి అన్నీ కాస్త ఆలస్యమే కదా!

అందులో మా ప్రాణం కాంట్రా. జపాన్‌లో కొనామీ కంపెనీ వాళ్ళు 1987లో నాణెం వేసి ఆడే పెద్ద యంత్రాలకోసం చేసి, 1988లో ఇంట్లో టీవీకి తగిలించుకునే నింటెండో యంత్రానికి తెచ్చారు. ఇద్దరు వీరులు, బిల్, లాన్స్. ఒకడిది నీలం పాంటు, ఒకడిది ఎర్ర పాంటు. అంతకుమించి ఇద్దరికీ తేడా లేదు. ఒకే ఎత్తు గెంతుతారు, ఒకే వేగంతో పరుగెత్తుతారు, ఒక్క తూటా తగిలితే ఇద్దరూ చస్తారు. మనిషికి మూడే లైఫులు. ఒకడి తూటా రెండోవాడికి తగలదు. ఎదురొచ్చిన ఎస్ గన్ను మాత్రం ఒక్కడికే. ఎవడు ముందు గెంతి పట్టుకుంటే వాడిదే.

నాతో ఆడేది ఆ వర్తకుడి కొడుకు. బయట వాళ్ళ నాన్న తక్కెడ పట్టుకుని కూర్చునేవాడు. ఆ తక్కెడకి ఇవతల మా అమ్మ చింతపండు బుట్టతో నిలబడేది. ఆ బేరంలో ఎవరు ఎంత ఎత్తున ఉన్నారో నాకు పదేళ్ళకే తెలుసు. లోపల గదిలో మాత్రం వాడూ నేనూ ఒకే ఎత్తు. ఆ సంగతి మాటల్లో పెట్టి చెప్పడం అప్పుడు చేతకాలేదు గానీ, ఒంటికి తెలిసేది.

మూడో స్టేజీలో జలపాతం వస్తుంది. మా చాపరాయిలా ఏటవాలుగా జారేది కాదు, నిలువుగా పడేది. రాయి మీంచి రాయి మీదికి గెంతుతూ పైకి పోవాలి. పైవాడు ఎక్కినకొద్దీ తెర కూడా పైకి జరుగుతుంది. కిందవాడు తెర అంచు కిందికి పోయాడా, శత్రువు అక్కర్లేదు, తూటా అక్కర్లేదు, లైఫు పోయినట్టే. అంటే నన్ను చంపడానికి వాడు నన్ను కాల్చనక్కర్లేదు. తనపాటికి తాను పైకెక్కుతూ పోతే చాలు!

వాడు అలాగే ఎక్కేవాడు. మొదటి రెండు సంతలూ నేను అక్కడే చచ్చాను. మూడో సంతకి వాడికే తెలిసొచ్చింది. నేను పోయాక పైన వచ్చే దెయ్యాన్ని వాడొక్కడే చంపలేకపోతున్నాడు. అప్పటినుంచి ఒక రాయి ఎక్కి ఆగి, "రారా, రా, ఇటు గెంతు" అనడం మొదలుపెట్టాడు. వాడి మంచితనం అని నేననను. ఆటే వాణ్ణి ఆపింది.

ఇంకో సంగతి. ఈ యంత్రాలన్నిటికీ తాత 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్. దాని మొదటి రిమోటుకే స్టార్టు మీట ఉంటుంది. రెండోదానికి లేదు. మా కొట్లో యంత్రమూ అంతే. రెండోవాడు ఎంత మొనగాడైనా ఆట మొదలుపెట్టడం వాడి చేతిలో లేదు. ముప్ఫై లైఫులిచ్చే గుట్టు కూడా మొదటి రిమోటు మీదనే నొక్కాలి. పైకి రెండు, కిందికి రెండు, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. దీన్ని కల్పించినవాడు హషిమోటో అనే కొనామీ ఉద్యోగి. 1986లో గ్రాడియస్ అనే ఆటను యంత్రానికి తెస్తూ, అది తనకే కష్టంగా ఉందని పరీక్షకోసం పెట్టుకున్నాడట. 2020లో పోయాడాయన. వర్తకుడి కొడుకు ఆ మీటలు నొక్కేటప్పుడు రిమోటు నాకు కనపడకుండా అటు తిప్పుకునేవాడు. ఎన్నో వారాలకి గానీ చెప్పలేదు.

అసలు విషయానికి వస్తాను. మన హాస్టల్లోకి కొండల మీంచి ప్రతి ఏడూ కొంతమంది వస్తారు. మెస్సులో ఎవరి బల్ల వారిదే. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు, అది నిజమే. తిట్టరు, కొట్టరు. ఎక్కేవాళ్ళు ఎక్కుతూ పోతారు, అంతే. ఇంగ్లీషు వచ్చినవాడు, కోచింగు గుట్టు తెలిసినవాడు, ఏ ఫారం ఎప్పుడు నింపాలో తెలిసినవాడు రిమోటు అటు తిప్పుకుని నొక్కుకుంటాడు. రెండో నెలకి మావాడొకడు పెట్టె సర్దుకుని బస్సెక్కుతాడు. "ఇంటిమీద బెంగ పెట్టుకున్నాడు" అని అందరం అనేసుకుంటాం. తెర జరిగిపోయిందని ఒక్కరూ అనరు.

ఆటలు మనుషుల్ని పాడుచేస్తాయనే పెద్దలకు నేను ఎదురు చెప్పను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో చట్టం చేసి నిషేధించాయి. మంచి పనే చేశాయి. కానీ అన్నిటినీ ఒకే గాట కట్టకూడదు. సాయంత్రం మన వరండాలో నలభైమంది కూర్చుంటే నలభై ఫోన్లు, నలభై తెరలు. ఎక్కడో ఉన్న ముక్కూ మొహం తెలియనివాడితో జట్టు కట్టి ఆడతారు గానీ పక్కవాడి ఊరి పేరు తెలియదు. ఒకే తెర, రెండు రిమోట్లు, మోచేయికి మోచేయి తగిలే ఆట వేరు.

కాంట్రాలో దోషం లేదా? ఉంది. అడవిలో కనిపించిన ప్రతివాణ్ణీ కాల్చేయడమే ఆ కథంతా. తుపాకీ పట్టినవాళ్ళని నిజంగా చూసిన కొండల్లో పెరిగినవాడికి అది ఒక్కొక్కప్పుడు గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది. ఇద్దరాడే ఆటలన్నీ స్నేహం నేర్పుతాయని కూడా అనలేను. 1987లోనే వచ్చిన డబుల్ డ్రాగన్‌లో అన్నదమ్ములిద్దరూ కలిసి శత్రువులందర్నీ చితగ్గొట్టి, చివర ఒక అమ్మాయికోసం వాళ్ళలో వాళ్ళే కొట్టుకోవాలి! కానీ ఈ వరస ఆగిపోలేదు. 2017లో వచ్చిన కప్‌హెడ్‌లో జతగాడు చచ్చి దెయ్యమై పైకి తేలిపోతుంటే రెండోవాడు ఎగిరి అందుకుని బతికించుకోవచ్చు. 2021లో వచ్చిన 'ఇట్ టేక్స్ టూ' ఒంటరిగా ఆడటానికే కుదరదు. ఆ ఏడు అమెరికాలో ఉత్తమ క్రీడ బహుమతి దానికే ఇచ్చారు.

మనం చేసుకోలేమా? కంప్యూటరు సైన్సు మిత్రుల్నే అడుగుతున్నాను. గోడాట్ వంటి సాధనాలు ఉచితంగా దొరుకుతున్నాయి. నా మనసులో ఉన్న ఆట ఇది. రోడ్డు లేని గూడెం నుంచి ఒక గర్భిణిని డోలీలో ఇద్దరు మోసుకు దిగాలి. వాన. వాగు. ముందువాడు వేగంగా నడిస్తే డోలీ ఊగిపోతుంది, వెనకవాడు ఆగితే కర్ర భుజం జారుతుంది. శత్రువే లేడు. తుపాకీ అక్కర్లేదు. ఇది వేళాకోళంగా అంటున్నానని అనుకోకండి. మా ఏజెన్సీలో డోలీ మోసినవాళ్ళు నాకు చుట్టాలు.

అంతదాకా సంఘం వారిని కోరేది చిన్న కోరిక. క్రీడానిధిలో ఏటా క్రికెట్ కిట్లకే అయ్యే ఖర్చు అందరికీ తెలుసు. అందులో ఒక వంతు తీసి హాస్టల్ రీడింగు రూములో ఒక పాత టీవీ, ఒక ఆట యంత్రం పెట్టించండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, చీటీలు వేసి జతలు కట్టండి. ఒకే రూమువాళ్ళు, ఒకే ఊరివాళ్ళు ఒక జతలో పడితే ఆ చీటీ మళ్ళీ తీయండి. కొనేటప్పుడు రెండో రిమోటుకి కూడా స్టార్టు మీట ఉందో లేదో చూసి మరీ కొనండి. కొట్టువాడు మొదటిదే చూపిస్తాడు.