జఫ్రుల్లాను దించింది అల్లర్లు కావు

జఫ్రుల్లా ఖాన్‌పై గత ఆదివారం మీరు వేసిన వ్యాసంలో, 1953 లాహోర్ అల్లర్లకు తలొగ్గి పాకిస్తాన్ ప్రభుత్వం ఆయన్ను విదేశాంగ మంత్రి పదవి నుంచి తప్పించిందని రాశారు. ఇది వాస్తవం కాదు.

అహ్మదీ అయిన ఆయన్ను తీసెయ్యాలన్నది ఆందోళనకారుల ప్రధాన డిమాండ్లలో ఒకటి. ప్రధాని ఖ్వాజా నజీముద్దీన్ అందుకు ఒప్పుకోలేదు. లాహోర్‌లో సైనిక శాసనం విధించారు. ఆ ఏప్రిల్‌లో గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ ఇంటికి పంపింది నజీముద్దీన్‌ని! తర్వాత వచ్చిన మహమ్మద్ అలీ బోగ్రా మంత్రివర్గంలోనూ విదేశాంగ శాఖ జఫ్రుల్లాదే. 1954లో ఆయన పదవి వదిలింది అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎన్నికయ్యాకే. అదీ మన రాజ్యాంగ సభ సలహాదారు బెనెగళ్ నరసింగరావు మరణంతో ఖాళీ అయిన స్థానానికి.

జఫ్రుల్లాను 'భారత వ్యతిరేక వక్త' అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడమూ సరికాదు. కశ్మీర్‌పై భద్రతామండలిలో మనకు ఎదురు వాదించిన మాట నిజమే. కానీ 1947లో ఆయన పాలస్తీనా విభజన తీర్మానాన్ని వ్యతిరేకిస్తే, భారత్ కూడా ఆ తీర్మానానికి వ్యతిరేకంగానే ఓటేసింది. నమీబియాలో దక్షిణాఫ్రికా ఉనికి చట్టవిరుద్ధమని 1971లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పినప్పుడు అధ్యక్ష పీఠంపై ఉన్నది ఆయనే.

స్వదేశం ఆయనకు చేసిన అన్యాయాన్నే చెప్పదలిస్తే, అహ్మదీలు ముస్లింలు కారన్న 1974 రాజ్యాంగ సవరణ ఉంది. వ్యాసంలో దాని ఊసే లేదు.

- ఒక రిటైర్డ్ చరిత్ర అధ్యాపకుడు, తెనాలి