ఒంటి రంగు చెప్పేది జాతి కాదు

ఆవు కనిపిస్తే 'ఎన్ని లీటర్లిస్తుంది?' అంటాం. కుక్క కనిపిస్తే 'కరుస్తుందా?' అంటాం. గుర్రం కనిపిస్తే మాత్రం అందరి నోటా ఒకటే మాట... 'ఇదేం జాతి?' అని! అది బక్కచిక్కి, పుళ్ళుపడి, ఎవరో వదిలేసిపోతే ఇంకెవరో చేరదీసిన గుర్రమైనా సరే, దాని దాహం తీరేలోపే ఆ ప్రశ్న వచ్చేస్తుంది.

అడిగితే తప్పేముంది అంటారా? కుతూహలం తప్పు కాదు. కానీ ఆ ప్రశ్నకు మనం రంగు చూసి జవాబు చెప్పేసుకుంటాం. ఆ జవాబును బట్టి ఆ మూగజీవికి ఖరీదు కట్టేస్తాం. బాధంతా అక్కడే ఉంది.

అనకాపల్లికి దగ్గరలో ఉన్న కొండకర్ల ఆవ మన రాష్ట్రంలో కొల్లేరు తరువాత చెప్పుకునే మంచినీటి సరస్సు. పక్షుల్ని చూపించడానికి పిల్లల్ని తీసుకువెళ్ళే తల్లులు ఎందరో. తాటిదోనెలో కూర్చుని లకుముకి పిట్టను నీలం రంగును బట్టి, కొంగల్లో రకాన్ని ముక్కు రంగును బట్టి పిల్లలే చెప్పేస్తుంటారు. పక్షుల దగ్గర ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. ఎందుకంటే అవి దేనికది వేరే ప్రాణి. గుర్రాలన్నీ మాత్రం ఒకటే ప్రాణి. మార్వాడీ, అరబ్బీ, రేసు గుర్రం అనేవి మనుషులు తమ అవసరానికి తగ్గట్టు తరతరాలుగా తీర్చిన వంశాలు. పిట్టల లెక్క ఇక్కడ పనికిరాదు.

ఆ ఆవ గట్టు మీదే ఒకసారి ఓ ఆడగుర్రాన్ని చూశాను. ఎవరో వదిలేసి వెళ్ళారట. చుట్టూ పదిమంది. ఎర్రగా ఉంది కాబట్టి అరబ్బీ అని ఒకరు, నుదుట తెల్లమచ్చ ఉంది కాబట్టి మార్వాడీ అని ఒకరు, కాదు బీచ్‌లో పిల్లల్ని తిప్పే గుర్రమని ఇంకొకరు. ఇంతలో ఓ పెద్దావిడ బకెట్టుతో వచ్చి, "ఏ జాతయితే ఏటిరా, తప్పుకోండి, నీళ్ళు తాగనీండి" అని కసిరింది. ఆ గుంపులో గుర్రాన్ని సరిగ్గా చూసింది ఆవిడొక్కతే అనిపించింది.

రంగు చేసే మాయ

ఎరుపు, గోధుమ, నలుపు, తెలుపు... ఈ రంగులు దాదాపు అన్ని జాతుల్లోనూ ఉన్నాయి. పెళ్ళి ఊరేగింపుల్లో మనం మురిసిపోయే తెల్ల గుర్రాన్నే తీసుకోండి. వాటిలో చాలావరకు పుట్టినప్పుడు నల్లగానో, గోధుమరంగులోనో ఉంటాయి. మన జుట్టు నెరిసినట్టే ఏడాదికేడాది వెంట్రుకలు తెల్లబడి చివరకు పాలలా అవుతాయి. ముట్టె దగ్గర చూస్తే లోపలి చర్మం ఇంకా నల్లగానే కనిపిస్తుంది. అయిదేళ్ళ వయసులో బూడిదరంగులో చూసిన గుర్రాన్ని పదేళ్ళకు చూస్తే మీరే పోల్చుకోలేరు. నల్ల గుర్రం ఎండకు మాడితే తుప్పురంగుకు తిరుగుతుంది. సరైన మేత లేకపోయినా నిగారింపు పోయి వెంట్రుకలు గరుగ్గా, వెలిసినట్టు అవుతాయి.

ఇక మచ్చలు, సుడుల సంగతి చెప్పనే అక్కర్లేదు. నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లగా ఉంటే పంచకళ్యాణి అని చిన్నప్పుడు కథల్లో విన్నాం. విజయనగరరాజుల కాలంలోనే మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో ఏకంగా ఒక గ్రంథం రాశాడంటే ఈ ముచ్చట ఎంత పాతదో చూడండి. మార్వాడీ గుర్రాలు పెంచేవారిలో ఈనాటికీ మెడ మీద సుడి ఉంటే అదృష్టమని, కంటి కింద ఉంటే అరిష్టమని, ఒళ్ళంతా నలుపైతే అశుభమని నమ్మేవాళ్ళున్నారు. మనవాళ్ళు తలలో రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళంటారే, అలాగన్న మాట!

నిజానికి సుడులు పనికొచ్చేది వేరే విషయానికి. ఏ రెండు గుర్రాల సుడులూ అచ్చంగా ఒకే చోట, ఒకే తీరుగా ఉండవు. అందుకే గుర్రాల గుర్తింపు పత్రాల్లో వాటిని బొమ్మగీసి నమోదు చేస్తారు. మనకు వేలిముద్రల్లాంటివి అవి. దొంగిలించిన గుర్రాన్ని పట్టిస్తాయేమో గానీ మన జాతకాన్ని మార్చవు.

మరి ఒడ్డూ పొడుగూ?

రంగు కన్నా నిర్మాణం కొంత నయం. మార్వాడీ, కథియవాడీ గుర్రాల చెవులు లోపలికి వంగి కొనలు రెండూ కలుసుకోబోతున్నట్టుంటాయి. ఇది కొట్టొచ్చినట్టు కనిపించే గుర్తు. రేసుల్లో పరుగెత్తే థరోబ్రెడ్ పొడుగు కాళ్ళు, లోతైన ఛాతీ, పల్చని చర్మంతో అయిదడుగులు దాటి ఉంటుంది. మెడ వీపును కలిసేచోట కొలిస్తే నాలుగడుగుల పది అంగుళాలకు లోపు ఉండేవాటిని పొట్టి గుర్రాలుగా లెక్కిస్తారు. ఒకప్పుడు మన ఊళ్ళలో జట్కాబళ్ళు లాగినవి చాలావరకు ఇలాంటివే. మహారాష్ట్రలో గొర్రెల కాపరులు ఊరూరా తిరిగేటప్పుడు సామాన్లు మోసే భీమ్‌థడీ అనే దక్కను గుర్రానికి ఈమధ్యనే జాతిగా అధికారిక గుర్తింపు వచ్చింది.

కానీ ఇవన్నీ నిండుగా తిని, కంటినిండా నిద్రపోయిన గుర్రానికి వర్తించే కొలతలు. ఎముకలగూడైన గుర్రంలో మెడ సన్నబడి పొడుగ్గా కనిపిస్తుంది. ఏలికపాములుంటే పొట్ట ఉబ్బి ఆకారమే మారిపోతుంది. పైగా విశాఖ బీచ్‌లోనూ, పెళ్ళిళ్ళలోనూ కనిపించే గుర్రాల్లో చాలావాటి వంశం కలిసిపోయే ఉంటుంది. చెవి ఒక తాతది, కాలు ఇంకో తాతది! రక్తపరీక్ష, మెడలో మైక్రోచిప్, పుట్టుక పత్రం... వీటిలో ఏదీ లేకుండా 'ఇది ఫలానా జాతి' అని ఢంకా బజాయించి చెప్పేవారి మాటలు నమ్మకండి.

ఒళ్ళు చెప్పే కథ వేరే ఉంది

జాతి చెప్పలేని ఆ ఒళ్ళు ఆ గుర్రం బతుకును మాత్రం పూసగుచ్చినట్టు చెబుతుంది. వీపు మీద, పొట్టపట్టీ బిగించేచోట అక్కడక్కడా తెల్లవెంట్రుకలుంటే అవి పుట్టుమచ్చలు కావు. సరిపడని జీను ఒరుసుకుని పుండ్లుపడి, మానినచోట వెంట్రుక తెల్లగా మొలుస్తుంది. నేను చెప్పిన ఆవ గట్టు గుర్రం వీపు మీద అలాంటివి అరచేతి వెడల్పున రెండున్నాయి. నోటి మూలల్లో కాయకాస్తే కళ్ళేన్ని కరుగ్గా లాగారని అర్థం. గిట్టలు ముందుకు సాగి చెప్పుల్లా వంకరపోతే నెలల తరబడి ఎవరూ చెక్కలేదని అర్థం. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి చెక్కవలసిన గిట్టలవి. పళ్ళు చూస్తే వయసు తెలుస్తుంది. పాతికేళ్ళు బతికే ప్రాణిని పదేళ్ళకే ముసలిదని వదిలేశారో లేదో అప్పుడు బయటపడుతుంది.

జాతి పేరు చెప్పి...

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమైందో ఇప్పుడు ఆలోచించండి. 'మంచి జాతి' అని ఎవరో అనగానే నిన్నటిదాకా అక్కర్లేని గుర్రానికి ఇవాళ పదిమంది గిరాకీ. ఆడగుర్రమైతే మరీను. 'పిల్లలు పెడుతుందా?' అన్నదే రెండో ప్రశ్న! పదకొండు నెలలు మోయాలి ఆ కడుపు. పక్కటెముకలు లెక్కపెట్టగలిగే ఒంటితో అది ఎలా మోస్తుందన్న ఆలోచన ఎవరికీ ఉండదు. 'మామూలు నాటుది' అని తేలిందా... మళ్ళీ రోడ్డు మీదికే.

పోనీ గొప్ప జాతి అయితే రక్షణ ఉంటుందా? అదీ లేదు. 2025 ఏప్రిల్ చివర్లో హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరకు 57 గుర్రాలను తరలించారు. వాటిలో థరోబ్రెడ్‌లు, మార్వాడీలు, కథియవాడీలు ఉన్నాయని పత్రికలు రాశాయి. మే నెల సగమయ్యేసరికి ఎనిమిది చనిపోయాయి. ఆ లెక్క తరువాత ఇంకా పెరిగింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. వాటి వంశాలు ఎంత గొప్పవైనా ఆ ఎండల్లో వాటికి ఒరిగిందేమీ లేదు.

ఈ చూపు మనకు కొత్తదేం కాదు. ఛాయ ఎలా ఉంది, ఎత్తెంత, ఏ ఇంటి పిల్ల... పెళ్ళిచూపుల్లో ఈ కొలతలన్నీ దాటి వచ్చినవాళ్ళం మనం. మనిషిని పశువుతో పోల్చడం నా ఉద్దేశం కాదు. రంగూ రూపూ చూసి విలువ కట్టడం ఎంత మంటపుట్టిస్తుందో మనకు తెలుసు కదా, ఆ తెలిసినతనం నోరులేని జీవి దగ్గర ఎందుకు పనికి రాకూడదూ అంటున్నాను.

చేయవలసిన పనులు

జాతి తెలుసుకోవద్దని కాదు. పల్చని చర్మమున్న రేసు గుర్రానికి మేతా నీడా ఎక్కువ కావాలి. అదే మేత పొట్టి గుర్రానికి పెడితే గిట్టలు వాచి కుంటిదవుతుంది. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు 3.4 లక్షలే తేలాయి. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గిపోయాయి. కాబట్టి దేశవాళీ జాతుల్ని కాపాడుకోవడమూ అవసరమే. అయితే ఆ పని పశువైద్యులది, తీరిగ్గా చేసేది. మన పని అంతకు ముందే ఉంది.

మొదట నీడ, శుభ్రమైన నీళ్ళు. తరువాత గడ్డి, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు. జాలిపడి అన్నం, చపాతీలు, బెల్లం, ఉలవలు ఒక్కసారే కుమ్మరించకండి. గుర్రం వాంతి చేసుకోలేదు. ఎన్నాళ్ళో పస్తున్న కడుపుకు ఆ దానమే ప్రాణాంతకమవుతుంది. ముక్కు కారుతున్నా, ఒంటి మీద పుండ్లు రసికారుతున్నా వట్టి చేతులతో ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరకు పోనీకండి. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రం నుంచి మనుషులకూ అంటుతుంది. 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్యశాలను పిలవండి, లేదా దగ్గరి పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. ధనుర్వాతం టీకా తప్పనిసరి.

ఇంకో మాట. బరువు లాగే, మోసే పశువులతో రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదని, విరామం లేకుండా అయిదు గంటలు దాటకూడదని, 37 డిగ్రీలు దాటే ఎండలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు అసలు కట్టకూడదని 1965 నుంచీ నిబంధనలున్నాయి. ఇంట్లో పెళ్ళికి గుర్రపుబండి మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుచేయడం మన చేతిలో పనే. బీచ్‌లో పిల్లాణ్ణి గుర్రమెక్కించేముందు జీను కింద పుండుందేమో ఒక్కసారి చూడమని అడగడానికి డబ్బులేం ఖర్చుకావు. పుండు కనిపిస్తే పిల్లాణ్ణి ఎక్కించకండి, ఎందుకు ఎక్కించడం లేదో యజమానికి చెప్పండి. నలుగురు తల్లులు అలా చెబితే ఆ పుండుకు మర్నాటికి మందు పడుతుంది.