నోరు లేని బాధ

మనోరోగులకు చికిత్స చేసే మనిషికి పశువులతో ఏం పని అంటారా? రిచర్డ్ రైడర్ ఆక్స్‌ఫర్డులోని వార్న్‌ఫర్డ్ ఆసుపత్రిలో మనస్తత్వవేత్తగా పనిచేశాడు. అంతకుముందే ప్రయోగశాలల్లో జంతువుల యాతన కళ్ళారా చూసినవాడు. ఒంటిరంగును బట్టి మనిషిని హీనంగా చూడడం తప్పయితే, జాతిని బట్టి ప్రాణిని హింసించడం ఒప్పెలా అవుతుందని 1970లో కరపత్రం వేశాడు. ఆ వివక్షకు ‘స్పీషీసిజం’ అని పేరు పెట్టాడు. 1977లో ఇంగ్లండు రాయల్ జంతుహింసా నివారణ సంఘం పాలకమండలికి అధ్యక్షుడయ్యాడు.

ఇందులో వింతేమీ లేదు. మనోరోగి చెప్పుకున్నా వినేవారుండరు, పశువు చెప్పుకోనేలేదు. రెండుచోట్లా కావలసింది ఆలకించే మనసే.

మా కైకలూరు పక్క ఆటపాకలో గూడబాతులు గూళ్ళు పెట్టుకోవడానికి ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. పిల్లలకు చూపించి రండి. తిరిగివచ్చేటప్పుడు వీధికుక్క మీదికి రాయెత్తిన చేతిని మాత్రం పట్టుకుని ఆపండి. అసలు పాఠం అక్కడుంది.