సుల్తానా కల మన ఊళ్ళోనే అచ్చయింది

మన డిపార్ట్‌మెంట్‌లో ఏ మీటింగ్ జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: పిల్లలు తెలుగు చదవడం లేదు. నిజమే, చదవడం లేదు. కానీ ఏ వయసు పిల్లలు, ఏం దొరక్క చదవడం లేదు అని మాత్రం ఎవరూ అడగరు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. పన్నెండు నుంచి పదహారేళ్ళ వయసు అమ్మాయికి తెలుగులో కథల అర దాదాపు ఖాళీ. అందులోనూ సైన్స్ ఫిక్షన్ అర మరీ ఖాళీ.

పదేళ్ళ దాకా బెంగ లేదు, చందమామ పాత సంచికలున్నాయి. 1947 జూలైలో మొదలై, చాలా ఏళ్ళు మన కోడంబాక్కం పక్కనే వడపళనిలో తయారైన పత్రిక అది. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి రాసిన సీరియల్స్‌ని మా అమ్మ బైండు చేయించి దాచింది. నాకు తెలుగు చదవడం వచ్చింది వాటివల్లే. ఆ తర్వాత? ఇంకాస్త పైకి చెయ్యి చాపితే ఒకేసారి పెద్దవాళ్ళ నవలలు. సైన్సు చెప్పే పుస్తకాలు లేవని కాదు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేసిన మహీధర నళినీమోహన్ గారి పుస్తకాలు కథల్లాగే చదివిస్తాయి. ఐఐటీ మద్రాసులో పాఠాలు చెప్పే శ్రీనివాస చక్రవర్తి గారు జూల్ వెర్న్ పాతాళ ప్రయాణాన్ని తెలుగులోకి తెచ్చారు. కె.ఆర్.కె. మోహన్ గారు సైన్స్ ఫిక్షన్ కథలు రాశారు. ఇలా వేళ్ళమీద లెక్కపెట్టుకోవాల్సి రావడమే నా ఫిర్యాదు.

మా ఇంట్లోనే తేడా కనిపిస్తుంది. అప్పా తమిళం, అమ్మ తెలుగు. అమ్మ వైపు అరలో మాంత్రికులుంటే, అప్పా వైపు సుజాత ఉన్నారు. ఆనంద వికటన్‌లో సీరియల్‌గా వచ్చిన ‘ఎన్ ఇనియ ఇయందిరా’ నేను ఎనిమిదో క్లాసులో చదివాను, తమిళం కూడబలుక్కుంటూ. అందులో జీనో అని ఒక మరకుక్క. మాట్లాడుతుంది, పుస్తకాలు చదువుతుంది, వాదిస్తుంది. దాని పక్కన నిలా అనే మామూలు అమ్మాయి. ఒక నియంతకి ఎదురు నిలిచేది వీళ్ళిద్దరే. నాకు తమిళం చదివే అలవాటు తెచ్చింది స్కూలు కాదు, ఆ కుక్క.

ఇక్కడ నా రుచి గురించి కూడా చెప్పాలి. నాకు నక్షత్ర యుద్ధాలు పడవు. పేజీల కొద్దీ రాకెట్లు పేలుతుంటే నాకు నిద్ర వస్తుంది. మన రోజులో ఒక్కటంటే ఒక్క సంగతి మార్చి, ‘అయితే తర్వాత ఏమవుతుంది?’ అని ఓపిగ్గా అడిగే కథ కావాలి. ఆ ప్రశ్న లేకపోతే ఎన్ని మెషీన్లున్నా అది మంత్రాల కథే.

అన్నీ మన పురాణాల్లోనే ఉన్నాయిగా అంటారు కొందరు. ఉన్నాయి, ఒప్పుకుంటాను. రేవతి కథ చూడండి. కూతురికి వరుణ్ణి వెతకడానికి కకుద్మి మహారాజు ఆమెని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ పాట పూర్తయ్యేదాకా కాసేపు ఆగుతారు. ఈలోపు భూమ్మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోతాయి. తిరిగొచ్చి రేవతిని బలరాముడికిచ్చి పెళ్ళి చేస్తారు. కథ అయిపోయింది! ఆ పిల్ల ఆడుకున్న వీధి లేదు, స్నేహితురాళ్ళు లేరు, తన భాష ఎవరికైనా అర్థమవుతుందో లేదో. వీటిలో ఒక్కటీ ఎవరూ అడగలేదు. ‘మాయాబజార్’లో శశిరేఖ తల్లిగా ఛాయాదేవి వేసిన రేవతి ఈ రేవతే. అక్కడ ఆమెకి ఉన్న దిగులల్లా కూతురికి డబ్బున్న సంబంధం చెయ్యాలనే. పురాణం తలుపు తీసి పెట్టింది, లోపలికి వెళ్ళాల్సింది మనం. అన్నీ మనవాళ్ళు ముందే చెప్పేశారని ఛాతీ చరుచుకుంటే ఆ తలుపు మళ్ళీ మూసుకుంటుంది.

మరి లోపలికి వెళ్ళిన ఆడవాళ్ళు లేరా? ఉన్నారు. అది కూడా ఈ ఊరి సంగతే. బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథని ఇంగ్లీషులో రాసింది. అది 1905లో మొదట అచ్చయింది కలకత్తాలో కాదు, మద్రాసులో, ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో. దాన్ని నడిపిన సంపాదకురాలు కమలా సత్యనాథన్, రాజమండ్రిలో పుట్టిన తెలుగావిడ. దక్షిణాదిలో ఎమ్.ఏ. చదివిన తొలి మహిళల్లో ఒకరు. ఈ సంగతి నాకు ఏ సిలబస్‌లోనూ కనబడలేదు.

కథ మన కాలేజీ గోడ మీద అతికించడానికే రాసినట్టుంటుంది. సుల్తానా కళ్ళు మూసుకుని తెరిచేసరికి ఒక ఆడవాళ్ళ దేశంలో ఉంటుంది. వీధుల్లో ఒక్క మగాడూ లేడు, అందరూ ఇళ్ళలో పరదా వెనక. అక్కడ రెండు మహిళా యూనివర్సిటీలున్నాయి, ఒకదానితో ఒకటి పోటీ. ఒకటి బెలూన్‌తో మబ్బుల్లోంచే నీళ్ళు లాగుతుంది. అది చూసి రెండోది ఎండ వేడిని పోగుచేసి దాచుకోవడం కనిపెడుతుంది. మగవాళ్ళు నవ్వుతారు, వాళ్ళు సైన్యం పెంచుకునే పనిలో ఉన్నారు మరి. తర్వాత యుద్ధం వచ్చి మగవాళ్ళంతా ఓడిపోయాక, ప్రిన్సిపాల్ మేడమ్ రెండువేల మంది విద్యార్థినుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ ఎండనంతా శత్రువుల మీదికి తిప్పుతుంది. అంతే, పారిపోతారు. 1905లో సోలార్ శక్తి! వంట కూడా ఎండతోనే, పొగ లేదు. ఆఫీసు పని రోజుకి రెండు గంటలే. ఆ దేశంలో వరదలు లేవు, దోమలు కూడా లేవు. కోడంబాక్కంలో ప్రతి డిసెంబరూ గడిపేవాళ్ళకి ఇది ఎంత పెద్ద కల్పనో వేరే చెప్పక్కర్లేదు.

రాసి చూపిస్తే రొకేయా భర్త కూర్చోకుండా నిలబడే మొత్తం చదివి, భయంకరంగా పగ తీర్చుకున్నావని మెచ్చుకున్నాడట. నాకు అందులో నచ్చనిదీ ఉంది. మగవాళ్ళని లోపల పెట్టి తలుపెయ్యడం వేళాకోళమే అయినా, లోపల ఉన్న ఒక కుర్రాడు ఏమనుకుంటున్నాడో ఆవిడ అడగలేదు. రేవతిని అడగనట్టే. అయినా ‘మగవాళ్ళ పుస్తకాలు కదే అవి’ అని నా చేతిలో పుస్తకం చూసి నవ్వే ఫ్రెండ్స్‌కి ఇస్తే ఈ కథే ఇస్తాను.

సైన్స్ ఫిక్షన్ సాహిత్యం కాదనేవాళ్ళకి పెద్ద జవాబు అక్కర్లేదు. జగదీశ్ చంద్ర బోస్ 1896లోనే ఒక తలనూనె సీసాతో సముద్రంలో తుఫానుని ఆపించే కథ బెంగాలీలో రాశాడు. నార్లీకర్ నల్లబిలం మీద మరాఠీలో రాశాడు. అంత పెద్ద శాస్త్రవేత్తలు ఇంటి భాషలో కథ చెప్పడానికి చిన్నతనం అనుకోలేదు. మన సినిమావాళ్ళూ అనుకోలేదు. 1991లో ‘ఆదిత్య 369’కీ, మొన్న 2024లో ‘కల్కి’కీ జనం వెళ్ళారుగా. హాల్లో చూసేవాళ్ళున్నప్పుడు చదివేవాళ్ళు ఎందుకుండరు?

అందుకని నా కోరిక ఒకటి. ఈ గోడపత్రికలో ‘సుల్తానాస్ డ్రీమ్’ని విడతలుగా తెలుగులో వేద్దాం. కథ చిన్నదే, నాలుగైదు సంచికల్లో అయిపోతుంది. రొకేయా 1932లోనే చనిపోయింది, కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొదటి రెండు పేజీలు నేను చేశాను. చుట్టుపక్కల ఉన్న తెలుగు మీడియం స్కూలు పిల్లలకి జిరాక్స్ తీసి ఇస్తే చదువుతారో లేదో అప్పుడు తేలుతుంది.

ఒక్కచోట ఆగిపోయాను. ఆ దేశం పేరు ‘లేడీలాండ్’. ‘స్త్రీరాజ్యం’ అందామంటే మనకి వెంటనే ప్రమీల గుర్తొస్తుంది, వెనకే అర్జునుడు వచ్చి పెళ్ళాడి తీసుకుపోతాడు. ఈ కథలో అర్జునుడు రాడు. ‘అతివల సీమ’ అంటే పద్యంలా ఉంది. ‘ఆడవాళ్ళ దేశం’ అంటే రైల్లో లేడీస్ కంపార్ట్‌మెంట్‌లా ఉంది. ప్రస్తుతానికి పెన్సిల్‌తో ‘అమ్మాయిలూరు’ అని రాసి పెట్టాను. మేడమ్‌లకి గానీ మీకు గానీ ఇంతకంటే మంచి మాట తోస్తే కింద ఖాళీలో రాయండి, పెన్ను దారంతో కట్టి ఉంది.