సంఘచరిత్రను వ్రాయవలసిన వారెవరు?

మన వేములపల్లి, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతములలో చిన్న చిన్న క్రైస్తవ ప్రార్థనాలయములు గల గ్రామములు అనేకము. శంకుస్థాపన చేసిన పెద్దల పేర్లను శిలాఫలకములపై చూచుచున్నాము. పునాదికి మట్టి మోసిన వారి పేర్లు మాత్రము ఏ ఫలకముపైనను కానరావు. ఒక సంఘము యొక్క చరిత్ర ఆ రెండవ పేర్లతోనే ఆరంభము కావలెనని మా అభిప్రాయము.

మెథడిస్టు సంఘముల సంగతినే తీసికొందము. పదునెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లండున జాన్ వెస్లీ ఆరంభించిన ఈ ఉద్యమము, పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున రెండు పాయలుగా నిజాం రాజ్యములో ప్రవేశించినది. ఇంగ్లండు నుండి వచ్చిన వెస్లియనులు సికింద్రాబాదు, మెదక్, కరీంనగర్ ప్రాంతములలోను, అమెరికా నుండి వచ్చిన వారు హైదరాబాదు, వికారాబాదు, జహీరాబాదు ప్రాంతములలోను పనిచేసిరి. మొదటి పాయ 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘములో లీనమైనది. రెండవది 1981లో భారత మెథడిస్టు సంఘముగా స్వతంత్రించినది.

ఇందు మెదక్ సంఘము ప్రసిద్ధమైనది. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యమున 1914లో ఆరంభమైన అచ్చటి మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది. దాని శిఖరము ఎత్తు సుమారు 175 అడుగులు. కరువు కాలమున ఆ కట్టడపు పని వేలమందికి తిండిగింజలు సమకూర్చినదని జనులు నేటికిని చెప్పుకొందురు. పోస్నెట్ పేరు ఎరుగనివారు మెదక్ లో ఉండరు. రాళ్లు మోసిన కూలీలలో ఒక్కరి పేరైనను ఎరిగినవారు ఎందరు?

ఆ సంఘములలో చేరినవారు అత్యధికముగా మాల, మాదిగ కుటుంబముల వారు. ఒక్కొక్కరుగా గాక, కుటుంబములకు కుటుంబములే, కొన్నిచోట్ల పల్లెకు పల్లెయే చేరినవి. తిండికై మతము మారిరని వారిని ఆక్షేపించు వారున్నారు. ఈ ఆక్షేపణ తొందరపాటుతో కూడినది. వెట్టి రాజ్యమేలుచున్న కాలమున, దొర ముందు తలయెత్తుటయే నేరమైన పల్లెలో, కొత్త బడికి పిల్లను పంపుటయు, కొత్త పేరు పెట్టుకొనుటయు సాహసకృత్యములే. ఆకలి ఒక కారణమైనను అదియే సర్వము కాదు. గౌరవమునకై పడిన ఆరాటము కూడ చరిత్రయే. పి.వై. లూక్, జాన్ కార్మన్ అనువారు మెదక్ ప్రాంతపు గ్రామసంఘములను పరిశీలించి 1968లో ప్రకటించిన గ్రంథము, ఆ క్రైస్తవుల జీవితము పల్లె ఆచారములతో ఎంతగా పెనవేసికొని ఉన్నదో చూపినది. మిషను నివేదికలు మాత్రమే చదివిన వారికి ఈ సంగతి అంత సులభముగా తెలియదు.

ఇక క్రైస్తవ సంఘచరిత్ర మన ఉర్దూ-తెలుగు కళాశాల సంచికలో ఎందులకు అని అడుగువారు ఉండవచ్చును. దీనికి మా సమాధానము స్పష్టము. మిషనరీల నివేదికలు ఆంగ్లములో ఉన్నవి. కీర్తనలు, వృద్ధుల జ్ఞాపకములు తెలుగులో ఉన్నవి. నిజాం కాలపు భూముల కాగితములు, సేత్వారులు, పహాణీలు ఉర్దూలో ఉన్నవి. వాటిపై ఉండునది ఫసలీ సంవత్సరము. దానికి 590 కలిపినగాని మనకు తెలిసిన సంవత్సరము రాదు. మెదక్ దేవాలయము ప్రతిష్ఠితమైన కాలము ఫసలీ 1334. తెలుగు మాత్రమే వచ్చిన క్రైస్తవ యువకుడు తన తాత కట్టిన ప్రార్థనాలయపు స్థలపు కాగితమును చదువలేడు. ఉర్దూ చదివిన ముస్లిం విద్యార్థి పది నిమిషములలో చదివి చెప్పగలడు. ఆ ముస్లిం విద్యార్థికి తన ఊరి మసీదు సంగతులు చెప్పగల తెలుగు వృద్ధులు పొరుగునే ఉందురు. ఒకరి చరిత్రకు మరొకరు తాళపుచెవి వంటివారు.

అయితే ఒక హెచ్చరిక అవసరము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినది. క్రైస్తవులకు, ముస్లింలకు నేటికిని వర్తింపలేదు. మతము మారిన షెడ్యూల్డు కులముల క్రైస్తవులను మన రాష్ట్రమున వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా గుర్తించి, ఒక్క శాతము కేటాయించిరి. అందుచేత సంఘపు పుస్తకములో ఒక పేరు, ప్రభుత్వ కాగితములో మరొక పేరు గల కుటుంబములున్నవి. చరిత్ర వ్రాయుచున్నామను ఉత్సాహములో ఎవరి బిడ్డ చదువునకును, ఉద్యోగమునకును ముప్పు తేరాదు. కుటుంబము సమ్మతింపనిదే పేరు ప్రకటింపకుండుట మన మొదటి నియమము కావలెను. పేరు లేకున్నను వారి శ్రమను, వారి మాటను వ్రాయవచ్చును.

కళాశాల సంఘము వారికి మా విన్నపము ఇది. ప్రతి వేసవి సెలవులలో ఉర్దూ విద్యార్థి ఒకరు, తెలుగు విద్యార్థి ఒకరు జంటగా ఒక గ్రామమునకు వెళ్లి, మసీదు గాని ప్రార్థనాలయము గాని గుడి గాని, దాని పుట్టుపూర్వోత్తరములను వృద్ధుల నుండి విని వ్రాసికొనవలెను. పాత కాగితములకు నకళ్లు తీయించి గ్రంథాలయమున ఒక బీరువాలో భద్రపరచవలెను. దీనికి కావలసిన సొమ్ము స్వల్పము. కాలము మాత్రము తక్కువగా ఉన్నది. 1948కి పూర్వపు సంగతులు కన్నులార చూచినవారు అరుదైపోవుచున్నారు, కాగితములకు చెద పట్టుచున్నది. ఈ వేసవియందే పని ఆరంభింతుమేని, రాబోవు సంచికలో మొదటి గ్రామపు చరిత్రను పాఠకుల ముందుంచగలము.