చలికాలపు జ్వరమునకు ఏ గడప తొక్కవలెను?

కార్తీకము వెళ్ళి మార్గశిరము వచ్చుసరికి రైతునకు తీరిక యుండదు. ఒకప్రక్క సార్వా వరి కోతలు, కుప్పలు, నూర్పిళ్ళు. మరొకప్రక్క దాళ్వా నారుమళ్ళు, మినుము, సెనగ, మొక్కజొన్న. తెల్లవారుజామున మంచులో గట్ల వెంబడి నడచి నీరు పెట్టుకొనవలసినది ఈ రోజులలోనే. ఒంట్లో నలతగా నున్నను "కోత అయిన తరువాత చూచుకొందములే" అని వాయిదా వేయునదియు ఈ రోజులలోనే. వ్యవసాయాధికారికి వైద్యముతో పనియేమి అని మీరడుగవచ్చును. పంట చేతికి వచ్చు సమయమున యజమాని మంచము పట్టిన యింటి సంగతి మేము ఏటేటా చూచుచునే యున్నాము. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

ఆకు మీద మచ్చ కనబడగానే మందు కొట్టవద్దనియు, అది తెగులో, పురుగో, ధాతు లోపమో తెలిసికొనిన పిమ్మటనే కొట్టవలెననియు మేము చెప్పుచుందుము. చాలమంది రైతులీ మాట గ్రహించినారు. కాని ఆ రైతే తనకు జ్వరము వచ్చినప్పుడు, అది ఏ జ్వరమో తెలియకుండగనే సూది వేయించుకొనుచున్నాడు. చేనుకు చూపిన జాగ్రత్త తన ఒంటికి చూపకపోవుట నాకు విచిత్రముగా తోచును.

చలికాలములో వచ్చు జలుబు, తుమ్ములు, గొంతునొప్పి, ఒంటినొప్పులలో అధిక భాగము వైరసుల వలన కలుగునవి. వీటికి ఇల్లే ఆసుపత్రి. రెండు మూడు రోజుల విశ్రాంతి, గోరువెచ్చని నీరు, మిరియాల చారు, ఉప్పునీటితో పుక్కిలించుట, జ్వరమునకు పారాసెటమాల్ మాత్ర చాలును. యాంటీబయాటిక్ మందులు వైరసును చంపజాలవు. అవసరము లేకుండ వాడినచో అసలు అవసరము వచ్చిన నాడు అవి పనిచేయకపోవచ్చును. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి చేలలో సెనగపచ్చపురుగు పైరిత్రాయిడ్ మందులకు లొంగకపోయిన సంగతి పెద్ద రైతులకు జ్ఞాపకముండును. ఒంటిలోని సూక్ష్మక్రిములును అట్టివే.

అయితే చలికాలపు జ్వరమంతయు జలుబు జ్వరము కాదు. ముఖ్యముగా రైతులు, కూలీలు తెలిసికొనవలసినది స్క్రబ్ టైఫస్ అను జ్వరము. మిరప తోటలో నల్లిని ఎరుగని రైతు లేడు గదా. నల్లులలోనే మరియొక రకము గడ్డిలోను, తుప్పలలోను, ఎలుకలు తిరుగు గట్ల వెంబడిని ఉండును. దాని పిల్లపురుగు కంటికి ఆననంత చిన్నది. గడ్డి కోయునప్పుడు, గట్లు చెక్కునప్పుడు అది ఒంటిపైకి ఎక్కి కుట్టును. కుట్టినట్లు తెలియను కూడ తెలియదు. సుమారు పది రోజులకు తీవ్రమైన జ్వరము, తలనొప్పి, కండరముల నొప్పులు ఆరంభమగును. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పెచ్చు కట్టుట దీని గుర్తు. అది నొప్పి పెట్టదు. చంకలోనో, గజ్జలలోనో, మొలత్రాడు క్రిందనో ఉండుటచే రోగి దానిని చూచుకొనడు, సిగ్గుచే చెప్పడు. కొందరికి ఆ మచ్చ కనబడనే కనబడదు.

ఇది బాక్టీరియా వలన వచ్చు రోగము. కావున దీనికి యాంటీబయాటిక్ కావలసినదే, కాని తగినది కావలెను. డాక్టరు వ్రాసియిచ్చు డాక్సీసైక్లిన్ అను చవక మందును సకాలములో మొదలుపెట్టినచో సాధారణముగా రెండు మూడు రోజులలో జ్వరము దిగును. జ్వరమునకు మామూలుగా వేయు అనేక సూదులు దీనిపై పనిచేయవు. ఆలస్యమైనచో ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడు దెబ్బతిని ప్రాణము మీదికి వచ్చును. పది రూపాయల మందుతో పోవలసినది లక్షల అప్పుతోను పోకపోవచ్చును.

మనము 'ఆర్.ఎం.పి. డాక్టరు' అని పిలుచు ఊరి వైద్యుని వద్దకే రైతు మొదట ఎందుకు పోవుచున్నాడు? ఆయన రాత్రి పదింటికి పిలిచినను వచ్చును. సొమ్ము పంట అమ్మిన తరువాత ఇచ్చినను పుచ్చుకొనును. రైతు పొలము నుండి తిరిగి వచ్చుసరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఓ.పి. ముగిసిపోవును. కావున తప్పంతయు రైతుదే యనుట న్యాయము కాదని నా అభిప్రాయము. కాని ఊరి వైద్యుని సంచిలో రక్తపరీక్ష లేదు. స్టిరాయిడు సూది పడగానే జ్వరము జారినట్లగును, ఆకలియు పుట్టును. లోపలి రోగము మాత్రము పెరుగుచునే యుండును. రెండు రోజులు దాటినను తగ్గని జ్వరమునకు ఒక పూట పని మానుకొని పి.హెచ్.సి.కి పోయి రక్తపరీక్ష చేయించుకొనుడు. "పొలములో పని చేయుచుందును, గడ్డి కోసితిని" అని డాక్టరుతో తప్పక చెప్పుడు. ఒంటిపై మచ్చ ఉన్నచో దాచవద్దు. రెండు వారములు మించిన దగ్గునకు కళ్ళె పరీక్ష అవసరము. క్షయకు పరీక్షయు, మందులును ప్రభుత్వమే ఉచితముగా ఇచ్చును. బి.పి., షుగరు మాత్రలకు, పిల్లల టీకాలకు అంతదూరము పోనక్కరలేదు, ఊరిలోని ఉపకేంద్రము చాలును.

పి.హెచ్.సి. తెరచువరకు ఆగరాని సందర్భములు కొన్ని గలవు. చలికి రక్తనాళములు ముడుచుకొని బి.పి. పెరుగును, కోతల హడావుడిలో మాత్రలు మానిన పెద్దలకు ఇది మరింత ప్రమాదము. రొమ్ములో బరువు, చెమటలు, ఎడమచేతికి ప్రాకు నొప్పి కలిగినప్పుడు గ్యాసు నొప్పి యని సోడా త్రాగి పండుకొనరాదు. మూతి వంకరపోవుట, ఒక చేయి పడిపోవుట, ఆయాసము, మాట తడబడుట, మూర్ఛ - వీటిలో ఏది కనబడినను వెంటనే 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న మొదలైన ఈ అంబులెన్సుకు రూపాయి ఇయ్యనక్కరలేదు. పసిపిల్లలు డొక్కలెగురవేయుచున్నను, పాలు త్రాగలేకున్నను అదే మార్గము. బిడ్డ నిదురించునప్పుడు గడియారము చూచి ఊపిరులు లెక్కింపుడు: రెండు నెలలలోపు బిడ్డకు నిమిషమునకు 60, ఏడాదిలోపు 50, అయిదేండ్లలోపు 40 లేక అంతకు మించినచో న్యుమోనియాగా అనుమానించి ఆ పూటే డాక్టరుకు చూపవలెను. చింతపల్లి, అరకు ప్రాంతముల వారికి మరొక హెచ్చరిక: తలుపులన్నియు బిగించిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రపోరాదు. బొగ్గు విషవాయువునకు వాసన యుండదు.

గ్రామోద్యోగులకొక మనవి. రైతు సేవా కేంద్రపు బోర్డు మీద ఎరువుల ధరలు వ్రాయుచున్నాము గదా. వాటి ప్రక్కనే ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ఫోను నంబర్లు, పి.హెచ్.సి. ఓ.పి. వేళలు వ్రాయింపుడు. ఖర్చు సుద్దముక్క మాత్రమే. గట్ల మీది తుప్పలు కొట్టించి, ఎలుకల నివారణ ఊరంతయు ఒకేసారి జరిపించినచో పంటకును మనిషికిని మేలు. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రోమడయోలోన్ పొడి 2 పాళ్ళు కలిపి పొట్లములు కట్టి కన్నములలో వేయవలెను. కలుపునప్పుడు చేతులకు తొడుగులుండవలెను. పిల్లలను, కోళ్ళను దగ్గరకు రానీయరాదు. గడ్డి కోతకు పోవువారు నిండుచేతుల చొక్కా ధరించి, ఇంటికి రాగానే స్నానము చేసి, విడిచిన బట్టలను వేడినీళ్ళలో ఉతుకవలెను.